విశ్వాసికి డిప్రెషన్ రావచ్చా? ఏలీయాకి దేవుడు ముందు ఏమిచ్చాడు?

వీడియో చూసే టైమ్ లేనివాళ్లు, హాస్టల్‌లో సౌండ్ పెట్టుకోలేనివాళ్లు చదువుకోవడానికి వీలుగా ఈ ఎపిసోడ్‌ని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఈసారి కొంచెం పెద్దదే. ఒక్కసారిలో చదవలేకపోతే ఆపి, మళ్లీ రండి. పర్వాలేదు.

ఈ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. కొన్ని రోజుల క్రితం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, రోజూ బైబిల్ చదువుతున్నా, ప్రార్థన చేస్తున్నా. అయినా పొద్దున్నే మంచం మీంచి లేవాలనిపించట్లేదు. ఆరాధనలో నిలబడినా లోపల ఏమీ అనిపించట్లేదు. అడిగితే విశ్వాసం పెంచుకో అన్నారు. నిజంగా నాకు విశ్వాసం లేదా అన్నా?"

తమ్ముడికి అప్పుడే ఫోన్ చేసి మాట్లాడాను. కానీ ఇది అతని ఒక్కడి ప్రశ్న కాదు. ఒకప్పుడు నా ప్రశ్న కూడా ఇదే. అందుకే అతని పర్మిషన్ తీసుకుని అందరి ముందు పెడుతున్నాను.

నా సంగతి ముందు చెప్తాను

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సపోర్ట్ ప్రాజెక్ట్‌లో చేరాను. నైట్ షిఫ్ట్. పొద్దున ఆరింటికి రూమ్‌కి వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. రెండో ఏడాదికి తిండి తగ్గింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తాలనిపించేది కాదు. అమ్మ "తిన్నావా నాన్నా" అంటే "ఆ, తిన్నా" అనేవాణ్ణి. తినేవాణ్ణి కాదు.

ఆదివారం మాత్రం చర్చిలో కీబోర్డ్ వాయించేవాణ్ణి. ముందు వరుసలో నేనే, నవ్వుతూ. వేళ్లు తప్పు పోయేవి కావు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పాట అయిపోయాక వాష్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని కూర్చునేవాణ్ణి.

ధైర్యం చేసి ఒక పెద్దాయనకి చెప్పాను. ఆయన నా మేలు కోరే చెప్పారు, ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం లేదు. "దేవుని బిడ్డకి డిప్రెషన్ ఏంటి బాబూ? ఎక్కడో పాపం ఉంది, ఒప్పుకో" అన్నారు. రూమ్‌కి వచ్చి చిన్నప్పటి నుంచి చేసిన తప్పులన్నీ నోట్‌బుక్‌లో రాశాను. ఒక్కొక్కటీ ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంది. అప్పటిదాకా నీరసం ఒక్కటే ఉండేది. ఆ రోజు నుంచి దేవుడు నన్ను వదిలేశాడు అనే భయం కూడా తోడైంది.

ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో తెలుసు కాబట్టే ఈ ఎపిసోడ్.

కృంగుదల వేరు, డిప్రెషన్ వేరు

బ్యాక్‌లాగ్ వచ్చింది, ఇంటర్వ్యూ పోయింది, ప్రేమించిన మనిషి వెళ్లిపోయింది. ఏడుస్తాం, రెండు మూడు రోజులు ఏమీ చేయబుద్ధి కాదు. ఇది కృంగుదల. మనిషన్నాక వస్తుంది. ఫ్రెండ్‌తో మాట్లాడితే, ఒక మంచి వార్త వింటే కొంచెం తేలికవుతుంది.

డిప్రెషన్ అలా కాదు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజంతా మనసు బరువుగా ఉంటుంది, లేదా ఇష్టమైన పని మీద కూడా ఇష్టం పోతుంది. దానితో పాటు నిద్ర పట్టకపోవడం లేదా మరీ ఎక్కువ పట్టడం, ఆకలి మారిపోవడం, ఏ పనీ చేయకుండానే అలసట, దేని మీదా దృష్టి నిలవకపోవడం, నేను దేనికీ పనికిరాను అనిపించడం, చావు గురించి ఆలోచనలు. ఇలాంటివి కొన్ని కలిసి ఉంటే డాక్టర్ దాన్ని జబ్బుగానే చూస్తారు. వంశంలో ఉండటం, ఎక్కువ కాలం ఒత్తిడి, ఎవరినైనా పోగొట్టుకోవడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి. థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపం ఉన్నా కొన్ని లక్షణాలు ఇలాగే ఉంటాయి. అందుకే డాక్టర్లు ఒక్కోసారి ముందు రక్త పరీక్ష రాస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. థైరాయిడ్ తగ్గితే "విశ్వాసం పెంచుకో" అంటామా? మాత్ర వేసుకో అంటాం, ప్రార్థన కూడా చేస్తాం. రెండూ చేస్తాం. మనసు విషయానికి వచ్చేసరికి మాత్రం ఒకదాన్ని తీసేస్తాం. బైబిల్ అలా తీసేసిందా? చూద్దాం.

బదరీ వృక్షం కింద ఏలీయా

మొదటి రాజులు 18, 19 అధ్యాయాలు పక్కపక్కనే చదవండి. 18లో ఏలీయా కర్మెలు పర్వతం మీద ఉన్నాడు. బయలు ప్రవక్తలు 450 మంది ఒకవైపు, తను ఒక్కడే ఒకవైపు. ప్రార్థించాడు, ఆకాశం నుంచి అగ్ని దిగింది. కరువు పోయి వాన వచ్చింది. అహాబు రథానికి ముందు పరుగెత్తాడు. మన భాషలో చెప్పాలంటే కెరీర్‌లో బెస్ట్ డే.

19లో యెజెబెలు నుంచి ఒక కబురు వచ్చింది, రేపు ఈ టైమ్‌కి నిన్ను చంపిస్తాను అని. అంతే, దేశం దాటి దక్షిణాన బెయేర్షెబా దాకా పారిపోయాడు. అక్కడ తన పనివాణ్ణి కూడా వదిలేశాడు. ఒంటరిగా ఒక రోజు ప్రయాణం ఎడారిలోకి నడిచి, బదరీ వృక్షం కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని అడిగాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నిన్నగాక మొన్న అగ్ని దింపిన మనిషి ఇతను. విశ్వాసం తక్కువైనవాడు అని ఎవరంటారు? విశ్వాసం ఉన్నవాడికీ ఇలా జరుగుతుంది. పెద్ద విజయం తర్వాత కూడా జరుగుతుంది. అతను చేసిన పనులు చూడండి: పరుగెత్తాడు, మనుషుల్ని దూరం పెట్టాడు, ఒంటరిగా కూర్చున్నాడు. మనం ఫోన్ సైలెంట్‌లో పెట్టి గది తలుపు వేసుకోవడం లాంటిదే.

దేవుడు ఏం చేశాడు? "నీ విశ్వాసం ఏమైంది" అని అడగలేదు. కర్మెలు గుర్తు చేయలేదు. ఏలీయా నిద్రపోయాడు. ఒక దూత వచ్చి తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల కూజా. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చాడు. మళ్లీ తినమన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు: ముందున్న ప్రయాణం నీ శక్తికి మించింది.

ఈ వాక్యం నాకు చాలా ఇష్టం. బలం చాలదని దేవుడే ఒప్పుకున్నాడు, దాన్ని తప్పుగా లెక్కపెట్టలేదు.

నేను సపోర్ట్‌లో పనిచేశాను కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, ఎవరి తప్పు, ఏ కోడ్ వల్ల అని మీటింగ్ పెట్టం. ముందు సర్వీస్ లేపుతాం. అది నిలబడ్డాక, తీరిగ్గా, రూట్ కాజ్ చూస్తాం. దేవుడు ఏలీయా దగ్గర అదే వరుస పాటించాడు. ముందు నిద్ర, తిండి, నీళ్లు. తర్వాత 40 రోజుల నడక. హోరేబు చేరాకే మొదటి ప్రశ్న: ఏలీయా, ఇక్కడ ఏం చేస్తున్నావు?

అప్పుడు కూడా అది తిట్టు కాదు. ఏలీయా తన గోడంతా చెప్పుకున్నాడు, నేనొక్కణ్ణే మిగిలాను అని. పెద్ద గాలి, భూకంపం, అగ్ని వచ్చాయి. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత మెల్లని స్వరం. మళ్లీ అదే ప్రశ్న. ఏలీయా మళ్లీ అదే జవాబు చెప్పాడు, దాదాపు ఒక్క మాట కూడా మారకుండా. దేవుణ్ణి కలిశాక కూడా అతని ఫీలింగ్ వెంటనే మారలేదు, గమనించారా? దేవుడు దానికి విసుక్కోలేదు. చేయడానికి పని ఇచ్చాడు, తోడుగా ఎలీషాని ఇచ్చాడు, నువ్వు ఒక్కడివి కాదు, బయలుకు మోకరించనివాళ్లు ఇంకా 7000 మంది ఉన్నారని చెప్పాడు.

నిద్ర, తిండి, వినే చెవి, ఒక తోడు, ఒక నిజం. ఈ వరుసని గుర్తుపెట్టుకోండి.

బైబిల్‌లో చీకటిగా ముగిసే కీర్తన

మన పాటల్లో చివరి చరణానికి అంతా బాగైపోతుంది. కీర్తనల గ్రంథంలో కూడా ఎక్కువగా అలాగే ఉంటుంది, ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తుంది. కానీ 88వ కీర్తన చూడండి. రాత్రీ పగలూ మొరపెట్టిన మనిషి, ఫ్రెండ్స్ దూరమైపోయిన మనిషి, చివరి మాట దాకా చీకటిలోనే ఉంటాడు. దాన్ని ఎవరూ బైబిల్ నుంచి తీసేయలేదు, ఒక సంతోషం చరణం అతికించలేదు. ఆ కీర్తన అక్కడ ఉందంటే, నీకు స్తుతి రాని రోజున కూడా నీ ప్రార్థన ప్రార్థనే అని అర్థం. ఆ మనిషి దేవుడితో పోట్లాడుతున్నాడు, కానీ దేవుడితోనే మాట్లాడుతున్నాడు.

యేసయ్యనే చూడండి. గెత్సేమనేలో పేతురునీ, జెబెదయి కొడుకులిద్దరినీ దగ్గరికి తీసుకెళ్లి, నా ప్రాణం చావంత దుఃఖంలో ఉంది, నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు. ఇది మత్తయి 26లో ఉంది. దేవుని కుమారుడే తన బాధ మనుషులకి చెప్పుకున్నాడు, తోడు అడిగాడు. మరి మనం ఎవరికీ చెప్పకుండా మోయడం గొప్ప విశ్వాసం ఎలా అవుతుంది?

స్పర్జన్ గారి సంగతి

బైబిల్ కాలం వదిలేసి దగ్గరికి వద్దాం. లండన్‌లో చార్లెస్ స్పర్జన్ అనే బోధకుడి పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన ప్రసంగాలు తెలుగు సంఘాల్లో కూడా చదువుతారు. 1856 అక్టోబర్ 19న సర్రీ గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌లో ఆయన వేలమంది ముందు ప్రసంగిస్తుంటే ఎవరో మంటలని అరిచారు. మంటలు లేవు. కానీ తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. పెళ్లయి ఏడాది కూడా కాలేదు, ఇంట్లో నెల పిల్లలు, కవలలు.

ఆ దెబ్బకి ఆయన మనసు పూర్తిగా విరిగిపోయింది. కొన్ని రోజులకి మళ్లీ బోధించడం మొదలుపెట్టారు గానీ, ఆ కృంగుదల 1892లో చనిపోయేదాకా వస్తూ పోతూనే ఉంది. దాన్ని ఆయన దాచలేదు. తన కాలేజీ విద్యార్థులకు చెప్పిన పాఠాల్లో ఒకటి మొత్తం దీని మీదే. అందులో ఆయన చెప్పే కారణాలు వింటే ఆశ్చర్యం వేస్తుంది: ఒంట్లో జబ్బు, మనసుకి అలుపు, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, విశ్రాంతి లేని పని. పెద్ద విజయం తర్వాత కూడా వస్తుందని చెప్తూ ఏలీయానే గుర్తుచేశారు. కొంచెం నడవండి, మంచి గాలి పీల్చండి అని కూడా చెప్పారు. ఆయన కూడా చలికాలంలో విశ్రాంతి కోసం ఫ్రాన్స్‌లోని మెంటన్ అనే సముద్రతీర ఊరికి వెళ్లేవారు. అంత ప్రార్థనాపరుడు అలా చెప్తే, లాప్‌టాప్ ముందు పన్నెండు గంటలు కూర్చునే మనం వినాలి కదా.

నిరీక్షణ అంటే ఏంటి?

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మామూలుగా మనం "ఆశ" అంటాం. మన తెలుగు బైబిల్‌లో మాత్రం ఎక్కువ చోట్ల "నిరీక్షణ" అని ఉంటుంది. నిరీక్షణ అంటే ఎదురుచూడటం. హెబ్రీలో కూడా ఎదురుచూడటానికీ ఆశపెట్టుకోవడానికీ ఒకే మాట వాడే చోట్లు ఉన్నాయి.

130వ కీర్తనలో ఒక పోలిక ఉంది. రాత్రి కావలివాళ్లు తెల్లవారడం కోసం కనిపెట్టినట్టు నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటాడు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. మూడున్నర, నాలుగు మధ్య టైమ్ కదలదు. కావలివాడు సూర్యుణ్ణి తీసుకురాలేడు. తెల్లారుతుంది అనే ఫీలింగ్ తెచ్చుకోవడం కూడా అతని డ్యూటీ కాదు. డ్యూటీ ఒక్కటే, తెల్లారేదాకా అక్కడ ఉండటం. అతనికి నమ్మకంగా అనిపించినా అనిపించకపోయినా సూర్యుడు వస్తాడు.

క్రైస్తవ నిరీక్షణ కూడా నా ఫీలింగ్ మీద లేదు, పునరుత్థానం మీద ఉంది. యోహాను 20లో మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తోంది. ఆమె ఏడుస్తున్న టైమ్‌కే యేసు లేచి ఉన్నాడు. ఎదురుగా నిలబడినా ఆమె తోటమాలి అనుకుంది. అదే సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. అప్పటికే ఆదివారం పొద్దున అయిపోయింది. వాళ్ల మనసులకి ఆ వార్త ఇంకా అందలేదు, అంతే. ఆయన వాళ్ల తలుపు తెరుచుకునేదాకా బయట ఆగలేదు, లోపలికే వచ్చాడు.

కాబట్టి తమ్ముడూ, నీకు ఏమీ అనిపించకపోవడం అంటే ఏమీ లేదని కాదు.

మరి ఏం చేయాలి?

ఏలీయా వరుసనే తీసుకుందాం.

ఒకటి, ఒళ్లు. పడుకునే టైమ్ ఒకటి పెట్టుకోండి. ఫోన్ మంచానికి దూరంగా చార్జింగ్ పెట్టండి. రోజూ కాసేపు ఎండలో నడవండి. ఆకలి లేకపోయినా టైమ్‌కి ఏదో ఒకటి తినండి, ఇడ్లీ అయినా, పెరుగన్నం అయినా. మందుతో, సిగరెట్‌తో తేలికవుతుంది అనుకోవద్దు, తర్వాత ఇంకా బరువవుతుంది.

రెండు, ఒక మనిషి. అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరికి చెప్పండి. మొదటి మనిషి సరిగ్గా వినకపోతే రెండో మనిషి దగ్గరికి వెళ్లండి. నేను అక్కడే తప్పు చేశాను, పెద్దాయన మాటతో ఆగిపోయాను. చివరికి నా రూమ్మేట్ కనిపెట్టాడు. వాడు క్రైస్తవుడు కూడా కాదు. ఒక రాత్రి పక్కన మెస్ నుంచి పెరుగన్నం పార్సిల్ తెచ్చి మంచం మీద పెట్టి "ముందు తినరా, తర్వాత చూద్దాం" అన్నాడు. తిన్నాను. మర్నాడు ఆసుపత్రికి వాడే తీసుకెళ్లాడు. 19వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ పార్సిల్ కవరే గుర్తొస్తుంది.

మూడు, డాక్టర్. పౌలుతో పాటు తిరిగిన లూకా వైద్యుడే. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడని పిలిచాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే పిచ్చి అనుకుంటారేమో అని భయపడొద్దు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో కూడా మానసిక విభాగం ఓపీ ఉంటుంది. కొందరికి కౌన్సెలింగ్ సరిపోతుంది, కొందరికి మందులు కావాలి. మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. వారానికే "తగ్గలేదు" అని మానేయొద్దు, తగ్గిందని కూడా సొంతంగా మానేయొద్దు. డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి. నేను దాదాపు ఏడాది వాడాను. వాడిన ప్రతి రోజూ మాత్ర వేసుకునే ముందు ప్రార్థన చేశాను. ఈ రెండిటికీ గొడవ ఎప్పుడూ రాలేదు.

నాలుగు, వాక్యం, కొంచెం కొంచెంగా. అధ్యాయాలు చదవలేకపోతే ఒక్క వచనం. అదీ చదవలేకపోతే ఎవరినైనా చదివి వినిపించమనండి. ప్రార్థనకి మాటలు రాకపోతే "ప్రభువా, ఉన్నాను" అంటే చాలు. కొన్ని నెలలు నా ప్రార్థన అంతే.

చనిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం దయచేసి ఈ పేజీ చదవడం ఆపి, ఇప్పుడే ఒకరిని పిలవండి. పక్క గదివాళ్లయినా సరే, ఒంటరిగా ఉండొద్దు. టెలీ మానస్ నంబర్ 14416. ప్రభుత్వానిది, 2022లో మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే 112. ఫోన్ చేయడం ఓటమి కాదు. ఏలీయా చనిపోవాలని అడిగిన ఆ ప్రార్థనకి దేవుడు అవును అనలేదు, రొట్టె ఇచ్చాడు.

పక్కన ఉన్నవాళ్లకి ఒక మాట

యూత్ లీడర్లు, పాస్టర్ గారి పిల్లలు, క్వైర్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఇది చదువుతారని తెలుసు. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఇలా చెప్తే, వెంటనే వచనం చెప్పకండి. ముందు "తిన్నావా? నిద్రపోతున్నావా?" అని అడగండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు, అలా అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. విన్న తర్వాత "డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను" అనండి. వచనం తర్వాత చెప్పొచ్చు, దానికి టైమ్ వస్తుంది. దూత కూడా రెండుసార్లు భోజనమే తెచ్చాడు.

ఇక నా తమ్ముడికి. నాకు విశ్వాసం లేదా అని అడిగావు. లేవలేని రోజుల్లో కూడా బైబిల్ తీస్తున్నావు, ఏమీ అనిపించకపోయినా ప్రార్థిస్తున్నావు. కావలివాడు చేసేది అదే. విశ్వాసం లేనివాడు ఎప్పుడో వెళ్లిపోయేవాడు. శుక్రవారం నీ మొదటి అపాయింట్‌మెంట్ అని చెప్పావు. నేను కూడా వస్తున్నాను. వచ్చే ముందు ఏదైనా తిని రా.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, ఇది చదువుతున్న వాళ్లలో బదరీ వృక్షం కింద కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఈ రాత్రి నిద్ర ఇవ్వు. తట్టి లేపే ఒక మనిషిని పంపు. ప్రయాణం వాళ్ల శక్తికి మించిందని నీకు తెలుసు. యేసు నామంలో, ఆమెన్.

వచ్చే వారం కలుద్దాం. ఈలోపు మీ ఫోన్‌లో చాలా రోజులుగా రిప్లై ఇవ్వని ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఈ లింక్ పంపకముందు ఒకసారి కాల్ చేయండి.